టెక్సాస్‌లో మీ స్కూల్ డిస్ట్రిక్ట్ పాలన, నిధుల లెక్క: ఎలా చదవాలి, ఎవరిని అడగాలి

ఫ్రిస్కో, ప్లేనో, కొప్పెల్, ఇర్వింగ్ ప్రాంతాల్లో ఇల్లు కొనే తెలుగు కుటుంబాలు ముందుగా చూసేది బడి. కొన్నాక ఆ ఇంటి మీద ఏటా కట్టే ఆస్తిపన్నులో అన్నిటికంటే పెద్ద వాటా ఆ బడిని నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌కే చేరుతుంది. ఇంతవరకు దాదాపు అందరికీ తెలిసిందే. ఆ డబ్బును ఖర్చు పెట్టే అధికారం ఎవరికి ఎంతవరకు ఉంది, అందులో రాష్ట్ర ప్రభుత్వం పాత్ర ఎంత అన్న సంగతులు మాత్రం ఏళ్ల తరబడి పన్ను కట్టినవారికి కూడా స్పష్టంగా ఉండవు. అందువల్లనే, ఏదైనా బడి మూతపడుతుందన్న వార్త వచ్చినప్పుడల్లా, "ఇళ్ల విలువలు ఇంతగా పెరిగాయి, పన్ను ఇంత కడుతున్నాం, మరి డబ్బు లేదంటారేమిటి?" అన్న ప్రశ్న ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ వస్తుంది. ప్రశ్న న్యాయమైనదే, జవాబు మాత్రం స్థానిక బోర్డు దగ్గర సగమే ఉంటుంది. మిగతా సగం ఎక్కడుందో తెలుసుకొని, ఏ విషయాన్ని ఎవరి ముందు పెట్టాలో తేల్చుకోవడానికి ఈ కింది క్రమం పనికొస్తుంది. ఇందులోని లెక్కలన్నీ టెక్సాస్ చట్టాల ప్రకారం చెప్పినవి. కాలిఫోర్నియాలోనో న్యూజెర్సీలోనో ఉన్నవారికి ఇవి వర్తించవు.

మొదటి పని: మీ డిస్ట్రిక్ట్ ఏదో పన్ను బిల్లులో చూసుకోండి

నగరం పేరును బట్టి డిస్ట్రిక్ట్‌ను ఊహించకండి. టెక్సాస్‌లో వెయ్యికి పైగా స్కూల్ డిస్ట్రిక్టులు ఉన్నాయి. వాటిలో దాదాపు అన్నీ నగరపాలక సంస్థతోనూ కౌంటీతోనూ సంబంధం లేకుండా, సొంత సరిహద్దులు, సొంత బోర్డు, సొంతంగా పన్ను వేసే అధికారం ఉన్న స్వతంత్ర సంస్థలు. అందుకే వాటి పేర్ల చివర ఐఎస్‌డీ, అంటే ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్, అని ఉంటుంది. ఫ్రిస్కో ఐఎస్‌డీ కాలిన్, డెంటన్ కౌంటీలు రెండింటిలోనూ విస్తరించి, ప్లేనో, మెకిన్నీ, లిటిల్ ఎల్మ్ నగరాల్లోని కొన్ని కాలనీలను కూడా కలుపుకుంటుంది. మరోవైపు, ఫ్రిస్కో నగరంలోనే ఉంటూ లూయిస్‌విల్ ఐఎస్‌డీకో ప్రాస్పర్ ఐఎస్‌డీకో పన్ను కట్టే ఇళ్లు ఉన్నాయి. ఇర్వింగ్ నగరంలోని వ్యాలీ రాంచ్‌లో ఒక వీధి పిల్లలు కొప్పెల్ ఐఎస్‌డీ బడికి, మరో వీధి పిల్లలు క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్ ఐఎస్‌డీ బడికి వెళతారు. అక్టోబరులో వచ్చే పన్ను బిల్లులో ఐఎస్‌డీ అని ఉన్న వరుసే మీ డిస్ట్రిక్ట్. మీరు ఓటు వేయవలసిన బోర్డు, మాట్లాడవలసిన సమావేశం దానివే.

రెండవ పని: ఎవరు ఏది నిర్ణయిస్తారో వేరు చేసుకోండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చినవారికి ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. అక్కడ ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి డీఎస్సీ ద్వారా రాష్ట్రం ఎంపిక చేస్తుంది, జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది, బదిలీ ఉత్తర్వులు రాష్ట్రం నిబంధనల ప్రకారమే వెలువడతాయి. ఎంఈవో, డీఈవో ఇద్దరూ రాష్ట్ర ఉద్యోగులే. టెక్సాస్‌లో ఉపాధ్యాయుడు డిస్ట్రిక్ట్ ఉద్యోగి. రాష్ట్రం కనీస వేతన పట్టికను మాత్రమే నిర్దేశిస్తుంది. ఆ పైన ఎంత ఇవ్వాలో, ఎంతమందిని తీసుకోవాలో డిస్ట్రిక్టే తేల్చుకుంటుంది.

డిస్ట్రిక్ట్‌కు అధిపతి ఒక వ్యక్తి కాదు, బోర్డ్ ఆఫ్ ట్రస్టీస్. చాలా డిస్ట్రిక్టుల్లో ఏడుగురు ట్రస్టీలు ఉంటారు. హ్యూస్టన్, డాలస్ వంటి పెద్ద డిస్ట్రిక్టుల్లో తొమ్మిదిమంది. వీరికి జీతం ఉండదు. పార్టీ గుర్తులు లేని ఎన్నికల్లో గెలిచి, మూడేళ్లో నాలుగేళ్లో పనిచేస్తారు. డిస్ట్రిక్ట్ రోజువారీ పాలన నడిపే సూపరింటెండెంట్‌ను నియమించడం, పన్ను రేటు నిర్ణయించడం, బడ్జెట్‌ను ఆమోదించడం, అప్పు చేయడానికి ఓటర్ల అనుమతి కోరే బాండ్ ఎన్నికకు పిలుపునివ్వడం, బడుల హద్దులు మార్చడం, బడిని తెరవడం లేదా మూయడం, స్థానిక విధానాలు రాయడం: ఇవి బోర్డు పనులు. ప్రిన్సిపాల్ నియామకం, బస్సు మార్గం, మీ అబ్బాయి గణితం క్లాసు మార్పు వంటివి సూపరింటెండెంట్ కింద ఉన్న యంత్రాంగం పనులు. ఏ ట్రస్టీకీ ఒంటరిగా ఆదేశాలిచ్చే అధికారం లేదు. బోర్డు సమావేశమై ఓటు వేసినప్పుడే దాని మాటకు విలువ. కాబట్టి తెలిసిన ట్రస్టీకి ఫోన్ చేసి టీచరును మార్పించమని అడగడం వృథా ప్రయాస. అలా చేయించగలనని ఎవరైనా చెబితే, ఆ ట్రస్టీ గురించి మీరు రెండుసార్లు ఆలోచించాలి.

బోర్డుకు పైన రాష్ట్రం ఉంది, అక్కడ కూడా అధికారం మూడు చోట్ల ఉంటుంది. ఏ తరగతిలో ఏం నేర్పాలన్న పాఠ్య ప్రమాణాలను పదిహేనుమంది ఎన్నికైన సభ్యులున్న స్టేట్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్ ఖరారు చేస్తుంది. డిస్ట్రిక్టులకు, బడులకు ఏ నుంచి ఎఫ్ వరకు గ్రేడులిచ్చి పర్యవేక్షించేది టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ. దాని కమిషనర్‌ను గవర్నర్ నియమిస్తారు. ఈ కమిషనర్ అధికారం నామమాత్రం కాదు. 2023 జూన్‌లో హ్యూస్టన్ ఐఎస్‌డీలో ఎన్నికైన బోర్డును పక్కనపెట్టి, నియమిత మేనేజర్ల బోర్డునూ కొత్త సూపరింటెండెంట్‌నూ రాష్ట్రమే తెచ్చి కూర్చోబెట్టింది. ఇక మూడవదీ, డబ్బు విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనదీ శాసనసభ. విద్యార్థికి ఎంత చొప్పున లెక్కకట్టాలో చట్టంలో రాసేది అదే.

మూడవ పని: మీ బిల్లును రెండుగా విడదీయండి

స్కూల్ పన్ను రేటులో రెండు భాగాలుంటాయి. ఒకటి ఎం అండ్ ఓ, అంటే రోజువారీ నిర్వహణకు: జీతాలు, కరెంటు, బస్సులు, మరమ్మతులు. రెండవది ఐ అండ్ ఎస్, అంటే బాండ్ల రూపంలో చేసిన అప్పుకు వడ్డీ, అసలు తీర్చడానికి. అప్పు తీర్చడానికి వసూలు చేసిన ఐ అండ్ ఎస్ డబ్బును రోజువారీ నిర్వహణకు వాడకూడదు. కొత్త స్టేడియం కడుతూ మరోపక్క టీచర్లను తగ్గిస్తున్నారన్న కోపం చాలామందిలో ఉంటుంది. స్టేడియం బాండ్ డబ్బుతో కట్టినదైతే, అది కట్టకపోయినా ఆ డబ్బు జీతాలకు వచ్చేది కాదు.

ఒక ఊహాలెక్క వేద్దాం. అప్రైజల్ డిస్ట్రిక్ట్ మీ ఇంటికి 6,00,000 డాలర్ల విలువ కట్టిందనుకోండి. అది మీరు స్వయంగా నివసించే ఇల్లై, హోమ్‌స్టెడ్ మినహాయింపు తీసుకొని ఉంటే, స్కూల్ పన్ను కోసం అందులోంచి 1,40,000 డాలర్లు తీసేస్తారు. మిగిలిన 4,60,000 మీద నూరు డాలర్లకు ఎం అండ్ ఓ 75 సెంట్లు, ఐ అండ్ ఎస్ 27 సెంట్లు అనుకుంటే, నిర్వహణకు 3,450 డాలర్లు, అప్పుకు 1,242 డాలర్లు, మొత్తం 4,692 డాలర్లు. జనవరి 31 లోపు కట్టాలి.

ఈ మినహాయింపు 2021 వరకు 25,000 ఉండేది. అది 40,000కు, 2023 నవంబరు ఓటింగ్‌తో 1,00,000కు, 2025 నవంబరు ఓటింగ్‌తో 1,40,000కు పెరిగింది. అరవై ఐదేళ్లు నిండినవారికి అదనంగా మరో 60,000 తీసేస్తారు, స్కూల్ పన్ను మొత్తం కూడా ఆపైన పెరగకుండా నిలిచిపోతుంది. తల్లిదండ్రుల పేరు మీద ఇల్లు ఉన్నవారు దీన్ని మరచిపోకూడదు. దరఖాస్తు ఇవ్వవలసింది స్కూల్ డిస్ట్రిక్ట్‌కు కాదు, మీ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కు; మామూలు గడువు ఏప్రిల్ 30, గడువు దాటినా కొంతకాలం వరకు ఆలస్యంగా పెట్టుకునే వీలుంది. డ్రైవింగ్ లైసెన్స్ మీద అదే చిరునామా ఉండాలి. దీనికి రుసుమేమీ లేదు, కనుక ఇల్లు కొన్న కొత్తలో సర్కారు కాగితంలా కనిపిస్తూ, ఇంత కడితే మీ మినహాయింపు మేం వేయిస్తాం అని పోస్టులో వచ్చే ఉత్తరాలను చించి పారేయండి.

నాలుగవ పని: డిస్ట్రిక్ట్ రాబడి ఎలా తేలుతుందో అర్థం చేసుకోండి

ఇక్కడ నిదానంగా చదవండి. అపోహలన్నీ పుట్టేది ఇక్కడే. డిస్ట్రిక్ట్ నిర్వహణకు ఎంత డబ్బు రావాలన్నది మీ ఇంటి విలువ నిర్ణయించదు, రాష్ట్ర సూత్రం నిర్ణయిస్తుంది. ఆ సూత్రంలో మూలం బేసిక్ అలాట్‌మెంట్ అనే తలసరి మొత్తం. 2019లో హౌస్ బిల్ 3 దాన్ని 5,140 నుంచి 6,160 డాలర్లకు పెంచింది. ఆ తర్వాత ధరలు ఎంత పెరిగినా ఆరేళ్లపాటు అది కదలలేదు. 2025లో హౌస్ బిల్ 2 దానికి కలిపింది 55 డాలర్లు. ఆ చట్టం మొత్తం మీద దాదాపు 850 కోట్ల డాలర్లు ఇచ్చిన మాట నిజమే కాని, అందులో పెద్ద భాగం టీచర్ల జీతాల పెంపు వంటి నిర్దిష్ట పద్దులకు ముడిపెట్టి ఇచ్చినది. కరెంటు బిల్లుకో బీమాకో డిస్ట్రిక్ట్ తన ఇష్టప్రకారం వాడుకోగలిగేది తక్కువ. ఈ తలసరి మొత్తానికి పైన ప్రత్యేక అవసరాల పిల్లలు, ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలు, పేద కుటుంబాల పిల్లలు, వృత్తివిద్యా కోర్సులు వంటి వాటికి అదనపు మొత్తాలు కలుపుతారు. అన్నీ కలిపితే డిస్ట్రిక్ట్‌కు హక్కుగా రావలసిన మొత్తం తేలుతుంది.

ఆ మొత్తం 50 కోట్ల డాలర్లు అనుకోండి. స్థానిక పన్ను ద్వారా 40 కోట్లు వస్తే, రాష్ట్రం 10 కోట్లు ఇస్తుంది. మరుసటి ఏడు ఇళ్ల విలువలు పెరిగి స్థానికంగా 45 కోట్లు వస్తే, రాష్ట్రం 5 కోట్లే ఇస్తుంది; బడికి చేరేది అదే 50 కోట్లు. స్థానికంగా 53 కోట్లు వస్తే, పైన ఉన్న 3 కోట్లు రాష్ట్రానికి వెళతాయి. దీన్నే రీక్యాప్చర్ అంటారు, వాడుకలో రాబిన్ హుడ్. ఆస్టిన్ ఐఎస్‌డీ ఇలా అందరికంటే ఎక్కువ కడుతుంది. ప్లేనో ఐఎస్‌డీ కూడా ఏళ్లుగా కట్టేవాటిలో ఒకటి. విలువలు పెరిగినకొద్దీ రేటులోని ప్రధాన భాగాన్ని తగ్గించమని కూడా చట్టం చెబుతుంది. కాబట్టి పన్ను పెరిగింది గనుక బడికి డబ్బు పెరిగి ఉండాలి అన్న వాదన బోర్డు ముందు నిలవదు. అది వినగానే ట్రస్టీలు ఈ సూత్రాన్ని వివరించడం మొదలుపెడతారు, మీ సమయం అందులోనే అయిపోతుంది.

రాబిన్ హుడ్ మీద సంపన్న ప్రాంతాల్లో విసుగు సహజమే, అయితే అది ఊరికే పుట్టలేదు. శాన్ ఆంటోనియోలోని ఎడ్జ్‌వుడ్ డిస్ట్రిక్ట్‌లో ఆస్తుల విలువ ఎంత తక్కువంటే, పొరుగు డిస్ట్రిక్ట్ కంటే ఎక్కువ రేటుతో పన్ను వేసినా పిల్లవాడికి దక్కేది కొద్దిగానే. డెమెట్రియో రోడ్రిగెజ్ అనే తండ్రి, మరికొందరు తల్లిదండ్రులు 1968లో దావా వేశారు. 1973లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు ఒక వైపు, నలుగురు మరో వైపుగా చీలి, విద్య ఫెడరల్ రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదంటూ వారికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. పోరాటం రాష్ట్ర కోర్టులకు మళ్లింది. టెక్సాస్ రాజ్యాంగం కోరే సమర్థమైన ఉచిత విద్యావ్యవస్థ ఇది కాదని 1989లో టెక్సాస్ సుప్రీంకోర్టు ఎడ్జ్‌వుడ్ కేసులో ఏకగ్రీవంగా తేల్చింది. ఆ ఒత్తిడిలో నుంచే 1993లో రీక్యాప్చర్ చట్టం వచ్చింది. అసలు సూత్రం న్యాయమైనదేనని, కాకపోతే తీసుకున్న డబ్బు రాష్ట్రం తన వాటా తగ్గించుకోవడానికి సాకు కాకూడదని నా అభిప్రాయం.

అయిదవ పని: హాజరు లెక్కను గుర్తుపెట్టుకోండి

పైన చెప్పిన తలసరి మొత్తాన్ని టెక్సాస్ పేరు నమోదైన పిల్లల సంఖ్యతో గుణించదు, సగటు రోజువారీ హాజరుతో గుణిస్తుంది. పిల్లవాడు బడిలో చేరి ఉన్నా, ఆ రోజు రాకపోతే ఆ రోజు డబ్బు రాదు. ఏడాదికి దాదాపు 170 బడి రోజులు అనుకొని 6,215 డాలర్లను భాగిస్తే రోజుకు సుమారు 36.5 డాలర్లు. డిసెంబరు సెలవులకు ముందు ఒక వారం, తర్వాత రెండు వారాలు కలుపుకొని ఊరికి వెళ్లివచ్చే కుటుంబం వల్ల, పదిహేను బడి రోజులకు ఒక్కో పిల్లవాడి మీద దాదాపు 550 డాలర్లు డిస్ట్రిక్ట్ నష్టపోతుంది. టీచరు జీతం, బస్సు ఖర్చు మాత్రం తగ్గవు. పెద్దవాళ్లను చూడడానికి వెళ్లవద్దని ఎవరూ అనరు. టికెట్లు కొనేముందు డిస్ట్రిక్ట్ క్యాలెండరు తెరిచి, వేసవికో సెలవుల లోపలికో తేదీలు జరపగలరేమో చూడండి, అంతే. పిల్లవాడి వైపు నుంచి కూడా ఒక హద్దు ఉంది: తరగతి జరిగిన రోజుల్లో తొంభై శాతం హాజరు లేకపోతే ఆ కోర్సు క్రెడిట్ దక్కడానికి ప్రత్యేక అనుమతి కావాలి.

డబ్బు నష్టం లేకుండా సెలవు తీసుకునే దారులు చట్టంలోనే ఉన్నాయి, మనవాళ్లు వాటిని వాడుకోవడం తక్కువ. ఉగాదికో దీపావళికో మతపరమైన పర్వదినమని ముందుగా లిఖితపూర్వకంగా తెలిపితే, ఆ రోజును అనుమతించిన సెలవుగా పరిగణించి, నిధుల లెక్కలో హాజరుగానే చూపుతారు. పండుగకు వేరే ఊరు వెళ్లవలసి వస్తే వెళ్లడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు కూడా ఇందులో చేరుతుంది. ఒంట్లో బాగాలేదని అబద్ధం రాయడం కంటే ఇది అన్ని విధాలా మేలు. అలాగే పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన రోజున, పిల్లవాణ్ణి అదే రోజు మళ్లీ బడిలో దింపి, డాక్టరు ఆఫీసు ఇచ్చిన చీటీ అటెండెన్స్ క్లర్కుకు ఇవ్వండి. హాజరును అధికారికంగా రోజులో ఒక నిర్ణీత సమయంలోనే తీసుకుంటారు కనుక, ఆ సమయానికి పిల్లవాడు లేకపోయినా ఆ చీటీ ఉంటే వచ్చినట్టే లెక్క.

ఆరవ పని: బడ్జెట్ పుస్తకాన్ని తెరవండి

డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఆర్థిక పారదర్శకత పేరుతో ఒక విభాగం ఉంటుంది. ఆమోదించిన బడ్జెట్, ఆడిట్ నివేదిక రెండూ అక్కడ దొరుకుతాయి. వందల పేజీలు చూసి బెదరకండి. ముందు మూడు నిధుల పట్టిక చూడండి. జనరల్ ఫండ్, భోజనాల నిధి, అప్పు తీర్చే నిధి: ఈ మూడింటినే బోర్డు ఏటా అధికారికంగా ఆమోదించాలి. మీ దృష్టి జనరల్ ఫండ్ మీద పెట్టండి.

ఖర్చులు రాష్ట్రమంతటా ఒకే అంకెల కింద నమోదవుతాయి, కాబట్టి ఒకసారి నేర్చుకుంటే ఏ డిస్ట్రిక్ట్ బడ్జెట్ అయినా చదవగలరు. 11 బోధన. 23 ప్రిన్సిపాళ్ల ఆఫీసులు. 31 కౌన్సెలర్లు. 34 బస్సులు. 36 ఆటలు, సంగీతం వంటివి. 41 కేంద్ర కార్యాలయ పాలన. 51 భవనాల నిర్వహణ. 91 దగ్గర అంకె కనిపిస్తే అదే రాష్ట్రానికి కడుతున్న రీక్యాప్చర్. పైవాళ్ల జీతాలకే అంతా పోతోందని అనుమానం ఉన్నవారు 41వ పద్దును జనరల్ ఫండ్ మొత్తంతో భాగించి, పక్క డిస్ట్రిక్ట్‌తోనూ మూడేళ్ల కిందటి సొంత లెక్కతోనూ పోల్చి చూడాలి. చాలాచోట్ల అది అనుకున్నంత పెద్దది కాదని తేలుతుంది. ఖర్చులో సింహభాగం 6100 అనే కోడ్ కింద, అంటే జీతభత్యాల్లో ఉంటుంది. అందుకే లోటు వచ్చినప్పుడు డిస్ట్రిక్టులు చివరికి ఉద్యోగుల సంఖ్యనో బడుల సంఖ్యనో తగ్గించే దగ్గరికే చేరుతాయి. ఆ తర్వాత ఫండ్ బ్యాలెన్స్ చూడండి. అది దాచిన డబ్బు కాదు. పన్ను వసూలు డిసెంబరు, జనవరి దాకా రాదు గనుక అంతవరకు జీతాలివ్వడానికి అట్టిపెట్టుకున్న నిల్వ. ఎన్ని నెలల ఖర్చుకు అది సరిపోతుందో బోర్డును అడగడం మంచి ప్రశ్న.

పుస్తకంలో దొరకనిది పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద లిఖితపూర్వకంగా అడగవచ్చు. ఎందుకు కావాలో చెప్పనక్కరలేదు. మన సమాచార హక్కు దరఖాస్తు రాసిన అలవాటున్నవారికి ఇది కొత్త కాదు: ఏ కాగితం, ఏ తేదీల మధ్యది అని స్పష్టంగా రాస్తే త్వరగా వస్తుంది, అన్ని వివరాలూ ఇవ్వండి అని రాస్తే ఖర్చుల అంచనా వస్తుంది.

ఏడవ పని: సమావేశానికి వెళ్లండి, సరైన నెలలో వెళ్లండి

బోర్డు సాధారణంగా నెలకొకసారైనా కూర్చుంటుంది. ఎజెండాను కనీసం మూడు పనిదినాల ముందు ప్రకటించాలి. పదివేలకు పైగా విద్యార్థులున్న డిస్ట్రిక్టులు సమావేశం వీడియోను కూడా ఇంటర్నెట్‌లో పెట్టాలి, కాబట్టి వెళ్లేముందు గత నెలది ఒకటి చూస్తే తీరు తెలుస్తుంది. సిబ్బంది వ్యవహారాలు, లాయరు సలహా, స్థలం కొనుగోలు వంటివి తలుపులు మూసి చర్చించవచ్చు కాని, ఓటు మాత్రం బహిరంగంగానే వేయాలి.

ఎజెండాలో కన్సెంట్ అనే విభాగాన్ని తప్పక చదవండి. మామూలు విషయాలని చెప్పి పది ఇరవై అంశాలను కట్టగా పెట్టి ఒక్క ఓటుతో ఆమోదిస్తారు. లక్షల డాలర్ల సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు, కాపలా సంస్థ ఒప్పందం, మరమ్మతుల టెండరు చాలాసార్లు అక్కడే ఉంటాయి. ఒక్కో అంశం పక్కన జతచేసిన పత్రం నొక్కితే ధర, కాలపరిమితి, ఏ నిధి నుంచి అన్నవి కనిపిస్తాయి. ఒక ట్రస్టీ కోరితే ఆ అంశాన్ని కట్టలోంచి తీసి విడిగా చర్చించవచ్చు. కాబట్టి మీ సందేహాన్ని సమావేశానికి రెండు రోజుల ముందే ట్రస్టీలకు మెయిల్ చేయడం, ఆ రాత్రి మైకు ముందు కోప్పడడం కంటే ఎక్కువ పనిచేస్తుంది.

మాట్లాడడానికి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. ఎజెండాలో ఉన్న అంశంపై, బోర్డు దాన్ని తేల్చకముందే మాట్లాడే హక్కు ప్రజలకు చట్టం ఇచ్చింది. సమయం తరచుగా మూడు నిమిషాలో అంతకు తక్కువో ఉంటుంది. ఎవరు, ఏ బడి, ఏ అంశం, బోర్డు ఏం చేయాలి: ఈ క్రమంలో రాసుకొని ఇంట్లో ఒకసారి గడియారం పెట్టి చదవండి. ఎజెండాలో లేని విషయం లేవనెత్తితే ట్రస్టీలు మౌనంగా వింటారు. అది నిర్లక్ష్యం కాదు, ఆ విషయాన్ని అప్పటికప్పుడు చర్చించడాన్ని చట్టమే నిషేధిస్తుంది. యాస గురించి సంకోచించకండి. పౌరసత్వం లేనివారు కూడా మాట్లాడవచ్చు. హెచ్‌1బీ మీద ఉండి పన్ను కడుతున్న తల్లిదండ్రులకు బోర్డు గదిలో అందరితో సమానమైన చోటు ఉంది.

నెలల విషయానికొస్తే, జూలై 1న ఆర్థిక సంవత్సరం మొదలయ్యే డిస్ట్రిక్ట్ జూన్ 30 లోపు, సెప్టెంబరు 1న మొదలయ్యేది ఆగస్టు 31 లోపు బడ్జెట్ ఆమోదించాలి. ఫ్రిస్కో మొదటి రకం. బహిరంగ విచారణ అప్పుడే జరుగుతుంది గాని, అప్పటికి సంఖ్యలు దాదాపు గట్టిపడి ఉంటాయి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు జరిగే బడ్జెట్ వర్క్‌షాపులకు జనం రారు. సిబ్బంది సంఖ్య, తరగతి పరిమాణం, జీతాల పెంపు అక్కడే రూపుదిద్దుకుంటాయి. ఒక్క సమావేశానికే వెళ్లగలిగితే వర్క్‌షాపుకే వెళ్లండి.

ఎనిమిదవ పని: ఓటు ఉంటే వాడండి

ట్రస్టీల ఎన్నిక చాలా డిస్ట్రిక్టుల్లో మే మొదటి శనివారం, కొన్నిటిలో నవంబరులో జరుగుతుంది. మే ఎన్నికల్లో పోలింగ్ ఎప్పుడూ పలుచగా ఉంటుంది గనుక కొన్ని వందల ఓట్లు ఫలితాన్ని మార్చగలవు. పౌరసత్వం వచ్చినవారు ఎన్నికకు ముప్పై రోజుల ముందే నమోదు చేసుకోవాలి. పోటీ చేయదలచినవారు నమోదైన ఓటరై, రాష్ట్రంలో ఏడాది, డిస్ట్రిక్ట్‌లో ఆరు నెలలు నివసించి ఉండాలి. పౌరసత్వం లేనివారు పొరపాటున కూడా ఓటరుగా నమోదు చేసుకోకూడదు. వలస హోదాకే ముప్పు. ఓటరుగా నమోదు చేయమంటారా అని డ్రైవింగ్ లైసెన్స్ కౌంటరులో అడిగే ప్రశ్నకు జాగ్రత్తగా జవాబివ్వండి.

బ్యాలెట్ మీద డబ్బుకు సంబంధించి రెండు రకాల ప్రశ్నలు రావచ్చు. బాండ్ ప్రతిపాదన భవనాలు, బస్సులు, కంప్యూటర్ల కోసం అప్పుకు అనుమతి అడుగుతుంది. 2019 నుంచి దాని మీద ఇది ఆస్తిపన్ను పెంపు అన్న వాక్యం పెద్ద అక్షరాల్లో తప్పనిసరి. పాత అప్పులు తీరుతుండడం వల్ల రేటు పెరగకపోయినా సరే ఆ వాక్యం ఉంటుంది. కాబట్టి ఆ వాక్యం దగ్గరే ఆగిపోకుండా, ఐ అండ్ ఎస్ రేటు ఎంత అవుతుందని డిస్ట్రిక్ట్ చెబుతోందో చూడండి. స్టేడియం, ఈతకొలను వంటివి విడి ప్రతిపాదనలుగా వస్తాయి, ఒకదానికి అవునని, మరోదానికి కాదని చెప్పవచ్చు. ఈ అప్పులకు 1854లో ఏర్పడిన రాష్ట్ర పర్మనెంట్ స్కూల్ ఫండ్ హామీ ఇవ్వడం వల్ల వడ్డీ తక్కువగా పడుతుంది.

రెండవది వాట్రీ (వోటర్-అప్రూవల్ ట్యాక్స్ రేట్ ఎలక్షన్) అని పిలిచే పన్ను రేటు ఎన్నిక. రేటు ఒక హద్దు దాటాలంటే ఓటర్ల అనుమతి కావాలి. నిర్వహణ రేటులో పైన చేర్చే సెంట్లలో మొదటి ఎనిమిదింటిని గోల్డెన్ పెన్నీలంటారు. వాటి మీద రీక్యాప్చర్ ఉండదు. తర్వాతి తొమ్మిదింటి మీద ఉంటుంది. అంటే ఓటర్లు ఒప్పుకొని కట్టే సెంటు మొత్తంగా మీ బడిలోనే ఉంటుందా లేక కొంత రాష్ట్రానికి వెళుతుందా అన్నది అది ఏ పెన్నీ అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ప్రచారంలో ఎవరూ ఈ మాట ముందుకు తేరు, మీరే అడగాలి. 2024 నవంబరులో ఫ్రిస్కో ఐఎస్‌డీ వాట్రీనీ, సుమారు 108 కోట్ల డాలర్ల బాండ్ ప్రతిపాదనలనూ ఓటర్ల ముందు పెట్టింది, అన్నీ ఓడిపోయాయి. మరుసటి నెలలోనే స్టేలీ మిడిల్ స్కూల్‌ను ఆ విద్యా సంవత్సరం చివర మూసివేయడానికి బోర్డు ఓటు వేసింది. అదే సంవత్సరం ప్లేనో ఐఎస్‌డీ నాలుగు బడులను, కొప్పెల్ ఐఎస్‌డీ పింకర్టన్ ఎలిమెంటరీని మూయాలని నిర్ణయించాయి. కారణం ఒక్క ఎన్నిక కాదు. ఇళ్లు ఖరీదై చిన్నపిల్లలున్న కుటుంబాలు ఇంకా ఉత్తరానికి తరలిపోవడం, జననాలు తగ్గడం, బేసిక్ అలాట్‌మెంట్ ఆగిపోవడం అన్నీ కలిశాయి.

తొమ్మిదవ పని: ఫిర్యాదుకు సరైన గుమ్మం ఎంచుకోండి

మీ పిల్లవాడికి సంబంధించిన సమస్య అయితే టీచరు, ప్రిన్సిపాల్‌తో మొదలుపెట్టండి. అక్కడ తేలకపోతే ఎఫ్‌ఎన్‌జీ అనే విధానం కింద లిఖిత ఫిర్యాదు ఇవ్వవచ్చు; అది బడి స్థాయిలో, తర్వాత డిస్ట్రిక్ట్ స్థాయిలో, చివరికి బోర్డు ముందు విచారణకు వస్తుంది. ప్రతి మెట్టుకూ గడువు ఉంటుంది, కాబట్టి సంఘటన జరిగిన వెంటనే ఆ విధానాన్ని డిస్ట్రిక్ట్ పాలసీ పేజీలో చదవండి. గడువు దాటిన ఫిర్యాదును అందులోని సంగతి చూడకుండానే తోసిపుచ్చగలరు.

తరగతిలో పిల్లలు ఎక్కువయ్యారు, ఆర్కెస్ట్రా తీసేస్తున్నారు, బడి హద్దు మారుస్తున్నారు అంటే బోర్డు. పాఠ్య ప్రమాణాలంటే స్టేట్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్‌లో మీ ప్రాంత సభ్యుడు. తలసరి మొత్తం, రీక్యాప్చర్, హాజరు సూత్రం, 2026-27 నుంచి ప్రైవేటు బడి ఖర్చులకు రాష్ట్రం వంద కోట్ల డాలర్లతో మొదలుపెడుతున్న విద్యా పొదుపు ఖాతాలు అంటే మీ రాష్ట్ర ప్రతినిధి, సెనేటర్. టెక్సాస్ శాసనసభ బేసి సంవత్సరాల్లో జనవరి నుంచి 140 రోజులు మాత్రమే సాధారణంగా సమావేశమవుతుంది. తర్వాతిది 2027 జనవరిలో. బిల్లులు అంతకు ముందు నవంబరు నుంచే దాఖలవుతాయి, విద్యా కమిటీల విచారణలు వసంతంలో నడుస్తాయి. కాబట్టి ప్రతినిధి కార్యాలయాన్ని కలవడానికి అనువైన కాలం అంతకు ముందటి వేసవి, శరత్తు నెలలు. వెళ్లేటప్పుడు మీ డిస్ట్రిక్ట్ బడ్జెట్‌లోని మూడు అంకెలు కాగితం మీద రాసుకొని వెళ్లండి: జనరల్ ఫండ్‌లో లోటు ఎంత, 91వ పద్దు కింద ఎంత కడుతున్నారు, 2019తో పోలిస్తే బీమా, కరెంటు ఖర్చు ఎంత పెరిగింది.